జీపు దాహము

(గ్రంథాలయ రజతోత్సవసభయందు గావించిన ప్రసంగ పాఠము)



భారతారణ్యపర్వములోని నలోపాఖ్యానము మన గ్రంథాలయ పాఠకులకు సుపరిచితమే. దమయంతీ పరిణయవేళ దిక్పాలకులు నలునకు వరము లొసంగిరి. తలచినచోట నిప్పు పుట్టునట్లు అగ్నియు, తలచినచోట నీరు కలుగునట్లు వరుణుడును అనుగ్రహించిరి. ఆ నలుడే కాలవశమున రూపు చెడి, బాహుకుడను పేర ఋతుపర్ణమహారాజునకు సారథియై, అయోధ్యనుండి విదర్భకు ఒక్క పగటిలో రథము తోలెను. నిప్పును నీటిని చెప్పుచేతలలో నుంచుకొన్నవాడే సారథులలో మేటి యగుట కథలోని చమత్కారమని కొందఱు తలతురు. మోటారుబండిని బాగుచేయువానికి మాత్రము అది నిత్యానుభవము. ఏలయన మోటారు ఇంజను నిప్పుతో నడచును, నీటితో బ్రతుకును. ఈ రెంటి పొత్తు చెడినదినమున బండి బండగును.

ఈ సంగతి వివరించుటకు జీపును మించిన ఉదాహరణము లేదు. 1940లో అమెరికా సైన్యము తేలికయై, ఏ నేలమీదనైనను పోగల చిన్నబండి కావలెనని కోరెను. పెన్సిల్వేనియా రాష్ట్రమున బట్లరు పట్టణములోని బాంటమ్ కంపెనీవారు తొలిబండిని నిర్మించి ఆ యేటి సెప్టెంబరులో సైన్యమున కప్పగించిరి. పిమ్మట విల్లీసు, ఫోర్డు కంపెనీలవారు దానిని పెద్దయెత్తున తయారుచేసిరి. 1941 మొదలు 1945 వఱకు ఆ రెండు కంపెనీల కర్మాగారములనుండి వెలువడిన జీపులు 6,00,000కు పైబడినవి. యుద్ధము ముగిసిన పిదప, బొంబాయిలో మహీంద్రావారు జీపు విడిభాగములను తెప్పించి బండ్లుగా కూర్చుట ప్రారంభించిరి. ఆ మీదట మన పల్లెలకు జీపన్న సర్కారుబండి యైనది. దుమ్ము లేపుకొనుచు అది ఊరిలోనికి వచ్చిన, పిల్లలు వెంట పరుగెత్తిరి. పెద్దలు పంచె సవరించుకొనిరి.

ఆ యుద్ధకాలపు జీపు ఇంజను నాలుగు సిలిండర్లది, పరిమాణము 2.2 లీటర్లు, శక్తి 60 అశ్వబలము. దానిని చల్లార్చుటకు పోయవలసిన నీరు సుమారు 10 లీటర్లు మాత్రమే. అనగా పెద్ద బిందెడు నీరు అఱువది గుఱ్ఱముల వేడిని మోయవలెను.

ఇందలి లెక్క యేమో చూతము. పెట్రోలు మండగా పుట్టిన వేడిని నూఱు రూపాయల జమగా భావింపుడు. అందులో ఇరుసును త్రిప్పు పనికి వినియోగ మగునది ఇంచుమించు పాతిక రూపాయలే. దాదాపు మూడవవంతు పొగగొట్టముద్వారా గాలిలో కలసిపోవును. దాదాపు మఱియొక మూడవవంతును నీరు మోసికొనిపోయి రేడియేటరులో గాలికి అప్పగింపవలెను. తక్కినది ఒరపిడికిని, చిల్లరఖర్చులకును చెల్లును. ఈ పద్దులలో నీటిపద్దు ఏ క్షణమున చెల్లదో, ఆ క్షణమునుండి ఆ మొత్తము ఇంజనులోనే నిలవపడును. గృహస్థుని లెక్కలో నిలవ క్షేమకరము. ఇంజను లెక్కలో వేడినిలవ ప్రాణాంతకము. పైగా జీపు ఇంజనులో కవాటములు సిలిండర్ల ప్రక్కనే, ఇనుపదిమ్మెలోనే అమర్పబడి యున్నవి. మండిన పొగ బయటికి పోవు దారులును ఆ దిమ్మెలోనివే. కావున దానిచుట్టునున్న నీటిపై భార మధికము.

నీటి నడక యిట్లుండును. రేడియేటరు అడుగున చల్లబడిన నీటిని క్రింది రబ్బరుగొట్టముగుండ పంపు పీల్చి, ఇంజను దిమ్మెలోనికి నెట్టును. నీరు సిలిండర్లను చుట్టి, పైనున్న హెడ్డులోనికెక్కి, థర్మోస్టాటను కావలివాని వాకిలి దాటి, పైగొట్టముగుండ రేడియేటరు తలతొట్టిలోనికి చేరును. అచ్చటనుండి సన్నని రాగి, ఇత్తడి నాళములలో క్రిందికి దిగుచు, ఫ్యాను లాగిన గాలికి తన వేడి నిచ్చి, మరల అడుగు చేరును. ఇది ఎడతెగని ప్రదక్షిణము. ఎచ్చట ఆగినను అపచారమే.

ఈ బిందెడు నీటి విలువను ఉత్తరాఫ్రికా ఎడారిలో పోరాడినవారు తెలిసికొన్నట్లు మఱెవ్వరును తెలిసికొనలేదు. అచ్చట త్రాగునీరు వేఱు, బండినీరు వేఱు అను భేదము లేదు. రేడియేటరులో పోసిన ప్రతిచెంబును మనుష్యుని గొంతునుండి తీసినదే. మెత్తని ఇసుకలో చిన్న గేరుతో బండి మెల్లగా ప్రాకును, ఇంజను పరుగెత్తును, ఎదురుగాలి యుండదు. నీరు మరిగి, ఆవిరి పొంగుగొట్టముద్వారా బయటికి పోయి, అక్కఱకురాకుండ ఆకాశములో కలయును.

ఇందులకు ఉపాయమును వాడుకలోనికి తెచ్చినవారిలో ముఖ్యుడు రాల్ఫ్ బాగ్నోల్డు అను ఆంగ్లేయ సైనికోద్యోగి. ఆయన యుద్ధమునకు చాలముందే, సెలవుదినములలో మిత్రులతో కూడి ఫోర్డుకారులలో లిబియా ఎడారిని శోధించినవాడు. గాలికి ఇసుక కదలు తీరునుగూర్చి 1941లో శాస్త్రగ్రంథమును ప్రకటించినవాడు. 1940లో ఈజిప్టునందు దూరప్రాంత ఎడారిదళమును స్థాపించినవాడును ఆయనయే. ఆ దళముతో కూడ భారతీయాశ్విక సైనికులచే నేర్పడిన ఒక దళమును ఆ ఎడారిలో పనిచేసెను. బాగ్నోల్డు బండ్ల ఉపాయము మిక్కిలి సరళము. రేడియేటరు మూతను ఆవిరి చొరకుండ బిగించి, పొంగుగొట్టమును ఒక డబ్బాలోనికి దించిరి. డబ్బాలో సగము నీరు. మరిగి వచ్చిన ఆవిరి ఆ నీటిలో మునిగి, చల్లబడి, నీరే యగును. డబ్బాలోని నీరును మరుగసాగినచో, బండిని గాలికి ఎదురుగా నిలిపి కొంచెముసేపు ఆగుదురు. ఇంజను చల్లబడగానే రేడియేటరులోపల శూన్య మేర్పడి, డబ్బాలోని నీటినంతటిని గుటగుట ధ్వనితో తిరిగి పీల్చుకొనును. ఒక్క చుక్క పోదు. పోయిన పైకము వడ్డీతోగాక, ఉన్నదున్నట్లుగా పెట్టెలోనికి తిరిగివచ్చుట వంటిది ఇది. నేటి కారులలో రేడియేటరు ప్రక్కనుండు ప్లాస్టికు డబ్బా చేయుపనియు ఇదియే.

1941లో డేవిడ్ స్టర్లింగు స్థాపించిన బ్రిటిషు ప్రత్యేకదళమువారు ఈ డబ్బాను తమ జీపుల ముందుభాగమున బిగించుకొనిరి. గాలి ధారాళముగ చొచ్చుటకై ముందువైపు కమ్ములను చాలవఱకు కోసివేసిరి. 1942 జులై నెలాఖరున అట్టి జీపులు 18 వరుసలుకట్టి, సీదీ హనైషు విమానస్థలముపై రాత్రివేళ పడి, ముప్పదికి పైగా శత్రువిమానములను ధ్వంసము చేసినవి. తుపాకుల మాట అందఱును చెప్పుదురు. ఆ తుపాకులను అచ్చటికి చేర్చి, తెల్లవారులోగా మనుష్యులను తిరిగి ఎడారిలోనికి చేర్చినది మాత్రము బిందెడు నీరు, ఒక రేకుడబ్బా.

ఆ యుద్ధము ముగిసి 80 సంవత్సరములు గడచినను, ఆనాటి జీపులను కాపాడుకొనుచున్నవారు నేటికిని పలుదేశములలో కలరు. ఏటేట జూన్ 6వ తేదీ ప్రాంతమున ఫ్రాన్సు దేశపు నార్మండీ తీరమున, 1944 నాటి సేనావతరణమునకు స్మారకముగా, అట్టి జీపులు వరుసలుగట్టి నడచును. ఎడారిలో తుపాకిగుండ్లకు చావని బండి, ఉత్సవపు ఊరేగింపులో వేడెక్కి చచ్చుట అరుదు కాదు. ఇంజను దిమ్మె పోతయినుము. మితిమీరి వేడెక్కినప్పుడు, ముఖ్యముగా మరుగుచున్న ఇంజనులో దిగ్గున చన్నీళ్లు పోసినప్పుడు, అది పగులును. పగిలినదానిని అతుకుట మిక్కిలి దుష్కరము. ఆనాటి దిమ్మె పోయినచో మరల ఆనాటిది పుట్టదు. తొందరపడి పోసిన ఒక చెంబునీటికి ఒక చరిత్ర వెల యగును.

ఇక బాగుచేయు క్రమము. బాహుకుని కథనే మరల స్మరింతము. దారిలో ఋతుపర్ణుడు తాండ్రచెట్టును చూచి, దాని ఆకులు ఇన్ని, కాయలు ఇన్ని యని చెప్పెను. బాహుకుడు రాజునుమాట యని విని ఊరకుండలేదు. రథము నిలిపి, దిగి, చెట్టుకొట్టి, లెక్కపెట్టి, సరియని తెలిసిన మీదటనే విశ్వసించెను. మెకానిక్కునకు ఇదియే ప్రథమసూత్రము. వేడి చూపు ముల్లు ప్రమాదచిహ్నము చూపినంతమాత్రమున ఇంజను వేడెక్కినదని కాదు. ముల్లే అబద్ధము చెప్పవచ్చును. ఎనుబదేండ్ల ముల్లుకంటె మరుగునీటిలో పరీక్షించిన ఉష్ణమాపకము నమ్మదగినది. తొలుత దానితో సరిచూడవలెను.

వేడి నిజమేయైనచో, అది ఎప్పుడు కలుగుచున్నదో విచారింపవలెను. నిలిచినప్పుడును, మెల్లగా నడచునప్పుడును మాత్రమే వేడెక్కి, వేగముగ పోవునప్పుడు చల్లబడినచో, దోషము గాలిది: ఫ్యానో, బెల్టో, రేడియేటరు రెక్కలలో చిక్కిన గడ్డియు పురుగులో కారణము. వేగముగ పోవునప్పుడు, మెట్ట యెక్కునప్పుడు వేడెక్కినచో, దోషము చాలవఱకు నీటిది: పూడిన నాళములో, చప్పిడియైన గొట్టమో, అరిగిన పంపో కారణము. ఈ ఒక్క ప్రశ్న సగముపని చేయును.

పరీక్ష చల్లని ఇంజనుతో మొదలుపెట్టవలెను. వేడిమీద మూతతీయుట పొయ్యిలో చేయిపెట్టుటయే. మూత కొంచెము ఒత్తిడిని నిలుపును. ఆ ఒత్తిడివలన నీరు 100 డిగ్రీలకుమించి మరికొన్ని డిగ్రీలవఱకు మరుగకుండును. మూత తీసిన తక్షణము ఒత్తిడి పోయి, నీరంతయు ఒక్కసారి మరిగి మొగముపై చిమ్మును. మూతలోని రబ్బరు ఎండి పగిలినచో నీరు ముందుగానే మరుగును. చిన్నవస్తువని దానిని ఉపేక్షింపరాదు. మూత తీసి నీటి రంగు చూడవలెను. ఎఱ్ఱనైనచో తుప్పు, పైన నూనెతెట్టు కట్టినచో లోపల ఎచ్చటనో నూనెకు నీటికి సంబంధము కలిసినది.

తరువాత బెల్టు. అది ఇంజను కప్పినుండి ఫ్యానును, పంపును, డైనమోను ఒక్కసారి త్రిప్పును. రెండు కప్పుల నడుమ వ్రేలితో నొక్కినచో ఒక అంగుళము లోగవలెను. వదులైనచో జారును, మితిమీరి బిగిసినచో పంపు బేరింగులు తినివేయబడును. ఫ్యానురెక్కలు పట్టి అటునిటు ఊపినచో ఊగులాట యుండరాదు. పంపు అడుగు రంధ్రమునుండి నీరు కారినచో లోపలి సీలు చెడినదని అర్థము. ఆ రంధ్రమును మూసివేయుట కొందఱు చేయు మహాపరాధము. అది రోగిచెప్పు మాట. నోరు కట్టినంతమాత్రమున రోగము పోదు.

రబ్బరుగొట్టములు పైకి చక్కగా కనబడుచు, లోపల పొరలు లేచి దారికడ్డుపడుట కలదు. ముఖ్యముగా క్రిందిగొట్టము. పంపు పీల్చు వేళ మెత్తబడిన గొట్టము చప్పగా అతుకుకొని నీరు నిలుపును. బండి నిలిపి చూచునప్పటికి అది మరల ఉబ్బి అమాయకముగా నిలుచును. కావున ఇంజను వడిగా తిరుగుచుండగా దానిని చూడవలెను. చేతులును, పంచెచెఱగును ఫ్యానునకు దూరముగ నుంచుకొనవలెను.

థర్మోస్టాటును తీసి, నీటిగిన్నెలో దారముతో వ్రేలాడదీసి, ఉష్ణమాపకముంచి పొయ్యిమీద కాచుట వంటయింటిలో చేయదగిన పరీక్ష. ఆనాటి జీపులది సుమారు 65 డిగ్రీలకు తెఱచుకొనసాగి, 77 డిగ్రీల ప్రాంతమున పూర్తిగా తెఱచుకొనవలెను. తెఱవనిచో మార్చవలెను. దానిని తీసిపారవైచి బండి నడుపుట మంచిది కాదు. చల్లని ఇంజనులో పెట్రోలు సరిగా మండక, సిలిండరు గోడలనున్న నూనెను కడిగివేయును, అరుగుదల హెచ్చును. వేడి శత్రువైనంతమాత్రమున చల్లదనము మితిలేని మిత్రము కాదు.

రేడియేటరు పూడినదో లేదో చేయియే చెప్పును. వేడెక్కిన ఇంజనును ఆపి, ఫ్యాను నిలిచిన పిదప, రేడియేటరుపై అరచేయి సమీపమున త్రిప్పినచో, ఎచ్చట చల్లగనున్నదో అచ్చటి నాళములు మూసుకొన్నవని గ్రహింపవచ్చును. పూడిక కొద్దిదైనచో, దిగువనుండి ఎగువకు, నీరు నడచు దారికి ఎదురుగా, తక్కువ ఒత్తిడితో నీరుపెట్టి కడుగుదురు. వచ్చినదారినే బురద మరలిపోవును. పూడిక గట్టిపడినచో, మాటువేయువాడు తలతొట్టిని ఊడదీసి, నాళములలో సన్నని లోహపుబద్దలు నడిపి, మరల మాటు వేయవలెను. ఇది ఓర్పుగల చేతిపని. రాగినాళములు మిక్కిలి పలుచన; తొందరపడువానికి ఒక్క పూడికబదులు పది చిల్లులు లభించును.

అనేకులు ఇచ్చటితో ఆగుదురు. రేడియేటరు క్రొత్తదైనను బండి వేడెక్కుచునే యుండును. కారణము ఇంజను దిమ్మెలో నున్నది. ఏండ్లతరబడి తుప్పును, సున్నపుపొరలును, బురదయు నీరు మెల్లగా నడచు వెనుకటి సిలిండరుచుట్టు పేరుకొని గట్టిపడును. దిమ్మెప్రక్కనుండు గుండ్రని రేకుబిళ్లలను ఊడదీసి చూచినప్పుడు, ఒక్కొక్కచోట నీటికి బదులు ఎఱ్ఱమట్టియే కనబడును. తీగెలతో తోడి, నీటితో కడిగి, క్రొత్తబిళ్లలు కొట్టవలెను. నీరు తీయునప్పుడును రేడియేటరు అడుగు కుళాయితోపాటు దిమ్మెకున్న కుళాయిని కూడ విప్పవలెను. దానిని మఱచువాని ఇంజనులో సగము పాతనీరు నిలిచియే యుండును.

ఇంకను శాంతింపనిచో హెడ్డు గ్యాస్కెట్టును శంకింపవలెను. చల్లని ఇంజనును త్రిప్పినవెంటనే రేడియేటరు మెడలో బుడగలు ఎడతెగక లేచినను, నూనె పాలవలె తెల్లబడినను, నిప్పు నీటియింటిలోనికి గోడ త్రవ్వినదని అర్థము. గ్యాస్కెట్టు మార్చి, హెడ్డుబోల్టులను నడుమనుండి అంచులకు, విడతలు విడతలుగా, సమానబలముతో బిగింపవలెను. ఒకమూల పూర్తిగా బిగించి వేఱొకమూలకు పోయినవానికి అదేపని మరుసటినెల మరల లభించును.

ఇవన్నియు సరిగా నున్నను వేడి తగ్గనిచో నీటిని నిందింపరాదు. నిప్పురవ్వ ఆలస్యముగ పడినను, పెట్రోలు పలుచనై గాలి హెచ్చినను, బ్రేకులు పట్టివేసినను ఇంజను వేడెక్కును. ఖర్చుపద్దు సరియైనప్పుడు జమపద్దులో తప్పు వెదకవలెను.

కడపట నీరు పోయుట. చౌటినీరు, సున్నపునీరు పోసినచో ఇన్నినాళ్ల శ్రమ కొన్నినెలలలో మట్టియగును. స్వేదనజలమైనను, శుభ్రముగ పట్టిన వాననీరైనను కావలెను. తుప్పుపట్టనీయని మందును అందు కలుపవలెను. చలిదేశములలో గ్లైకాలును కలుపుదురు. అది రుచికి తీయన, కడుపునకు విషము. పిల్లలకు, పశువులకు అందనిచోట నుంచవలెను. కారుచిల్లులు పూడ్చునని సంతలో దొరకు పొడులను పోసినవారు చిల్లులతోపాటు మంచినాళములనుకూడ పూడ్చుకొందురు.

ఈ క్రమములో ఒక్కటి గమనింపదగినది. జీపును చంపునది వేడి కాదు. వేడి ఆ బండికి పుట్టుకతో వచ్చినది. నీరు నిలిచిపోవుటయే దానిని చంపునది. నడచుచున్నంతకాలము ఆ బిందెడు నీరే అఱువది గుఱ్ఱములను కాచును. నిలిచినచోట అదే నీరు బురదయై, తాను కాపాడవలసిన ఇనుమునే తినివేయును.

ఈ గ్రంథాలయపు బీరువాలకును ఇదే న్యాయము. పుస్తకము చేతులు మాఱుచున్నంతకాలము ఊరి బుద్ధిని చల్లగా నుంచును. బీరువాలో తాళమువేసి నిలిపినచో చెదలకు భోజనమగును. ఇరువదియైదు సంవత్సరములు ఇచ్చటి పుస్తకములు అరుగునుండి అరుగునకు, ఇంటినుండి ఇంటికి నడచినవి. కొన్నిటి అట్టలు ఊడినవి. కొన్నిటి అంచులు నలిగినవి. వానిని చూచి చింతింప నక్కఱలేదు. అట్ట ఊడినదానికి అట్ట వేయింపవచ్చును. ఎన్నడును తెఱవబడక, క్రొత్తవాసనతోనే నిలిచిన పుస్తకములు ఎన్నియున్నవో చందాదారులు ఈ యుత్సవదినముననే బీరువా తెఱచి, బాహుకునివలె దగ్గఱకుపోయి, లెక్కపెట్టి చూడవలెను. ఆ లెక్క తేలిన నాటినుండి వానిని ఒక్కటొక్కటిగా ఇండ్లకు పంపవలెను. అదియే ఈ రజతోత్సవమునకు తగిన సత్కార్యము.

సెలవు.